జెండా కింద నిలబడి నాలా గురించి అడగొచ్చా?

అందరికీ నమస్కారం. హైదరాబాద్ చిక్కడపల్లి లైబ్రరీలో పోటీ పరీక్షలకి చదవడానికి పొద్దున్నే బ్యాగు పెట్టి కుర్చీ ఆపుకునే తమ్ముళ్లు చెల్లెళ్లే ఇక్కడ ఎక్కువున్నారు, మీతోనే మాట్లాడతా. ప్రాథమిక హక్కులు ఎక్కడున్నాయంటే నిద్రలో లేపి అడిగినా రాజ్యాంగం మూడో భాగం, ఆర్టికల్ 12 నుంచి 35 అని చెప్తారు మీరు. మరి మీ హాస్టల్ ఏ వార్డులోకి వస్తది, ఆ వార్డుకి పోయినేడు ఎంత డబ్బొచ్చింది?

మా బస్తీలో ఒక ఆగస్టు 15న జెండా ఎగరేసి, జనగణమన అయిపోయి పిల్లలకి బిస్కెట్లు పంచుతున్నారు. మా పక్కింటి పెద్దమ్మ, గట్టి వానొస్తే నాలా, అంటే మా బస్తీ మురుగుకాలువ, నీళ్లు ఆమె ఇంట్లోకే వస్తాయి, "ఈ నాలా ఎప్పుడు బాగుచేస్తరు బిడ్డా" అని అడిగింది. "జెండా కాడ ఈ మాటలేందమ్మా, దేశం మీద గౌరవం లేదా" అని గదిమారు. ఆమె చేతిలో చిన్న కాగితం జెండా అట్లనే ఉంది. నేను నోరు మెదపలేదు, ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

ఆ గుంపులో అసలు దేశభక్తి ఆమెదే అంటాను నేను. నాది అనుకుంటేనే కదా అడుగుతాం, ఇల్లు కారుతుంటే కప్పెక్కి చూస్తాం. జాతీయవాదం స్వాతంత్ర్యం కోసం అందర్నీ కలిపింది, కాదనను, కానీ అది ముదిరితే మా ఇల్లు కారదు, కారుతుందన్నోడే ద్రోహి అంటది. రాజ్యాంగాన్ని ఆమోదించింది 1949 నవంబర్ 26 అని మీకు నోటికొచ్చు, దానికి ముందురోజు అంబేద్కర్ రాజ్యాంగ సభలో ఏం చెప్పారో కూడా చదవండి, రాజకీయాల్లో భక్తి, వ్యక్తిపూజ పతనానికి, చివరికి నియంతృత్వానికి దారి అన్నారాయన.

తర్వాత పెద్దమ్మా నేనూ సమాచార హక్కు కింద అర్జీ పెట్టాం. 2005 చట్టం అది, తెలుగులోనే రాయొచ్చు, 10 రూపాయల ఫీజు, ఎందుకడుగుతున్నావో చెప్పక్కర్లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వలేదు. అప్పీల్‌కి పోయాక రెండు పేజీలొచ్చాయి, మంజూరైన డబ్బెంత, పని పూర్తయిన తేదీ ఏది అని అన్నీ ఉన్నాయి, ఆ తేదీ తర్వాత మూడు వానాకాలాలు ఆమె ఇంట్లో మోకాలిలోతు నీళ్లు. 2020లో జీహెచ్ఎంసీ, అంటే మన నగరపాలక సంస్థ, ఎన్నికలొస్తే మన సిటీలో సగం మంది కూడా ఓటెయ్యలేదు, వాట్సాప్‌లో మాత్రం దేశాన్ని రోజూ కాపాడుతున్నాం. వేసే ఓటైనా, పంపే మెసేజ్ అయినా, ఇట్లాంటి రెండు పేజీలు చదివి పంపితే వేరే ఉంటది కదా.

ఆ కాగితాలు జిరాక్స్ తీసి తెచ్చా. పెద్దమ్మ కూడా వచ్చింది, మూడో వరస చివర్న కూర్చుంది చూడండి. ఆ తేదీ తప్పని పట్టుకుంది ఆమే, మైకు కొంచెం అటివ్వండి.