రెట్ట పడని దీవి

శ్రోతలకు నమస్కారం. ఈ పూట పక్షిరెట్ట గురించి మాట్లాడుకుందాం. ముక్కు మూసుకోకండి, అసలు సంగతంతా అందులోనే ఉంది.

మాల్దీవులకు దక్షిణంగా చాగోస్ అని యాభైకి పైగా చిన్న చిన్న దీవులున్నాయి. 1970ల మొదట్లో బ్రిటన్ అక్కడి జనాన్ని బలవంతంగా పంపించేయడంతో డియెగో గార్సియా సైనిక స్థావరం తప్ప మిగతా దీవులు ఖాళీ అయిపోయాయి. ఆ అన్యాయం గురించి విడిగా చెప్పుకోవాలి. మనుషులు వెళ్లిపోయినా, ఎప్పుడో ఓడల్లో వచ్చి దిగిన ఎలుకలు మాత్రం చాలా దీవుల్లో ఉండిపోయాయి.

ఈ దీవుల్లో గుడ్లు పెట్టే సూటీ టెర్న్ అనే సముద్రపక్షి రెక్కలొచ్చి ఎగిరిందంటే కొన్నేళ్లపాటు నేల ముఖమే చూడదు, చివరికి గుడ్డు పెట్టడానికి దిగుతుంది, అదీ ఒకే ఒక్క గుడ్డు, గూడన్నది లేకుండా ఉత్త నేల మీద. తెల్ల టెర్న్ ఇంకా మొండిది, కొమ్మ మీద చిన్న గుంటలో గుడ్డు నిలబెట్టేస్తుంది. ఎలుకంటే ఏమిటో తెలియని చోట అలా నడిచిపోయింది. ఎలుక వచ్చాక గుడ్డూ పోయింది, పిల్లా పోయింది.

2018లో కొందరు శాస్త్రవేత్తలు అక్కడ ఎలుకలున్న ఆరు దీవుల్ని, లేని ఆరింటిని పోల్చి చూశారు. లేనిచోట పక్షులు 760 రెట్లు ఎక్కువ! ఇవి దూరాన నడిసముద్రంలో చేపలు తిని దీవి మీద రెట్ట వేస్తాయి, అందులోని నత్రజని వానకు కడుక్కుపోయి తీరంలోని పగడపు దిబ్బల్లోకి చేరుతుంది, అక్కడి నాచుకు ఎరువవుతుంది, ఆ నాచు తినే డామ్సెల్ చేపలు త్వరగా పెరుగుతాయి. మొత్తం చేపల బరువు చూస్తే ఎలుకల్లేని దీవుల చుట్టూ 48 శాతం ఎక్కువ తేలింది. గట్టు మీద ఎలుక గుడ్డు కొరికితే నీళ్లలో చేపకు తిండి తగ్గిందన్నమాట.

ఎలుకల్ని చంపేస్తే సరిపోదా అంటారా? చంపుతున్నారు, కానీ ఉష్ణమండల దీవుల్లో నేలపీతలు విషపు ఎరను ముందే లాగించేస్తాయి, వాటికేమో ఆ విషం ఎక్కదు! అందుకే ఎర బాగా ఎక్కువ చల్లాలి. పసిఫిక్‌లోని పాల్‌మైరా దీవుల్లో 2011లో హెలికాప్టర్లతో చల్లి ఎలుకల్ని పూర్తిగా తుడిచిపెట్టారు. ఎవరూ అనుకోని ఫలితం ఇంకొకటుంది: ఎలుకల రక్తం మీద బతికిన ఆసియా టైగర్ దోమ కూడా ఆ తర్వాత అక్కడ కనిపించకుండా పోయింది.