పొగ ఎప్పుడొస్తోంది?

శ్రోతలకు నమస్కారం. ఇవాళ ఒక రబ్బరు రింగు గురించి మాట్లాడదామని వచ్చాను. చిటికెన వేలి గోరు మీద పెట్టుకోవచ్చు, అంత చిన్నది. అది పాడైతే మాత్రం పాత కారు దోమల మందు బండిలా పొగ వదులుతుంది. ఈ పోలిక నాది కాదు, మా అత్తయ్యది.

మా మామయ్యది తెనాలి. ఆయన దగ్గర 1978 నాటి అంబాసిడర్ ఉంది, పెట్రోలు బండి, 1489 సీసీ. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన కారు అది, 2014లో తయారీ ఆగిపోయింది, ఆ చరిత్ర మీకు తెలిసిందే కాబట్టి వదిలేద్దాం. పొద్దున్నే స్టార్ట్ చేయగానే గుప్పున నీలం పొగ, అర నిమిషంలో మాయం. ఒక షెడ్డుకి తీసుకెళ్తే బానెట్ కూడా ఎత్తకుండా "బోరు పోయిందండీ, ఇంజిన్ దించాలి, పిస్టన్లు, వాటి రింగులు అన్నీ మార్చాలి" అన్నారు. బోరంటే పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టం. మామయ్యకి టెన్షన్ పట్టుకుంది.

ఈలోగా అందరం అదే కారులో కోటప్పకొండ వెళ్లాం. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఐదుగురం ఉన్నాం, ఇంజిన్ మూలుగుతోంది, అయినా వెనక పొగ లేదు. దిగేటప్పుడు మామయ్య సెకండ్ గేర్‌లో పెట్టి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసి మెల్లగా దింపారు. కిందికొచ్చి కాలు నొక్కారో లేదో, వెనక రోడ్డు కనపడలేదు! దోమల మందు బండి మాట అప్పుడే వచ్చింది.

విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఒక పెద్ద మేస్త్రీ ఉన్నారు. ఆయన అడిగింది ఒక్కటే: "పొగ ఎప్పుడొస్తోంది బాబూ?" ఎంత వస్తోంది అని కాదండీ, ఎప్పుడొస్తోంది అని. కొండ కథ చెప్పాను. ఎక్కేటప్పుడు లేదు, దిగాక వచ్చింది అనగానే నవ్వి "బోరు జోలికి పోకండి, వాల్వ్ సీళ్లు చూద్దాం" అన్నారు. వాల్వంటే ఇంజిన్ లోపలికి గాలి వచ్చే, పొగ బయటికి పోయే దారులకి మూత; దాని కాడకుండే రబ్బరు రింగే సీలు.

ఎందుకంటే, కొబ్బరిబోండాం స్ట్రాని అడుగున వేలితో మూసి పీలిస్తే బుగ్గలు లోపలికి పోతాయి కదా, అలాంటిదే ఇది. కాలు తీసేస్తే కార్బురేటర్‌లో గాలి దారి మూసుకుంటుంది, చక్రాలు ఇంజిన్ని తిప్పుతుంటే పిస్టన్లు మాత్రం పీలుస్తూనే ఉంటాయి. గాలి దొరక్క, పైన రాకర్ల దగ్గర, అంటే వాల్వుల్ని నొక్కే మీటల దగ్గరున్న ఆయిల్‌ని వాల్వ్ కాడకీ, అది ఆడే సన్న గొట్టం గైడుకీ మధ్య సందులోంచి లాక్కుంటాయి. ఆ ఆయిల్‌ని ఆపాల్సింది మన రబ్బరు రింగే. రాత్రి నిలబెట్టిన బండిలో కూడా అంతే, చుక్క చుక్కగా జారిన ఆయిల్ పొద్దున్నే కాలి పొగవుతుంది. పిస్టన్ రింగులు అరిగితే కథ వేరు: బరువు లాగేటప్పుడే పొగ, ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీస్తే అక్కడా పొగే.

ఇంతకీ ఆయన హెడ్డు, అంటే వాల్వులుండే ఇంజిన్ పైభాగం, దించలేదు. స్పార్క్ ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి మెత్తని నైలాన్ తాడు లోపలికి కూరి, ఇంజిన్ని చేత్తో తిప్పి పిస్టన్‌ని పైకి తెచ్చారు. తాడు వాల్వుల కింద దిండులా కూర్చుంది, స్ప్రింగు విప్పినా వాల్వ్ లోపల పడదు. ఆ తాడు మా అత్తయ్య బట్టలారేసే దండెం తాడని ఇంట్లో తర్వాత తెలిసింది, అది వేరే గొడవ. పాత రింగు నా అరచేతిలో పెట్టారు. రబ్బరని చెప్తే తప్ప తెలియదు. రెండు వేళ్ల మధ్య నొక్కితే అప్పడం ముక్కలా పుటుక్కుమంది. మామూలు రబ్బరు ఏళ్ల తరబడి వేడికి అలాగే బిరుసెక్కుతుంది. ఇప్పుడు వైటన్ అనే రబ్బరుది దొరుకుతోంది, 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, నా మాట వింటే అదే అడగండి.

బిగించేటప్పుడు పని నేర్చుకుంటున్న కుర్రాడు తొందరపడి ముందు రింగు వేసి, పైన స్ప్రింగు, దాని టోపీ పెట్టాడు. మేస్త్రీ గట్టిగా కేకేసి మళ్లీ విప్పించారు. ఈ ఇంజిన్‌లో స్ప్రింగు నొక్కి పట్టుకున్నాక, ఆయిల్ రాసిన రింగుని కాడ మీద కిందికి జార్చి, అప్పుడు కాటర్లు, అంటే టోపీని కాడకి పట్టి ఉంచే చిన్న ముక్కలు పెట్టాలి. ముందే వేస్తే టోపీ దాన్ని కిందికి నెట్టేస్తుంది, పెట్టీ లాభం లేదు. కొత్త ఇంజిన్లలో సీలు గైడు మీదే కూర్చుంటుంది, వరస వేరు.

ఎనిమిది వాల్వులు, ఎనిమిది రింగులు, ఒక పూట పని. అయితే ఆయన ప్రతి వాల్వునీ పట్టుకుని అటూ ఇటూ ఊపి చూశారు. ఊగితే గైడు అరిగినట్టు. అలాంటప్పుడు ఎంత మంచి సీలు వేసినా నాలుగు రోజుల ముచ్చటే, హెడ్డు దించక తప్పదు. మామయ్య అదృష్టం బాగుంది, ఊగలేదు.

అంబాసిడరో, పద్మినీయో, పాత బండి ఉన్నవాళ్లు రేపు పొద్దున్నే స్టార్ట్ చేసేటప్పుడు ఇంట్లో ఎవర్నైనా వెనక నిలబెట్టండి. పొగ వచ్చిందా, ఏ రంగు, ఎంతసేపుంది చూడమనండి. తర్వాత ఏ ఫ్లైఓవరో దిగాక కాలు నొక్కి, అద్దంలో మీరు చూసుకోండి. షెడ్డులో ముందు అది చెప్పి, తర్వాత రేటు అడగండి. ఉంటానండీ, నమస్కారం.