డిప్రెషన్‌లో రోజు గడవడం ఎలా? పది నిమిషాల పనులతో మొదలయ్యే పద్ధతి

[తెర మీద: తెల్ల కాగితం, పక్కన పెన్ను]

డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు అందరూ చెప్పే మాట ఒకటే: "కాస్త ఉత్సాహం తెచ్చుకో, లేచి ఏదో ఒకటి చెయ్యి." ఆ మాట ఎంత ప్రేమగా చెప్పినా పనిచేయదు. ఈ జబ్బు ముందుగా లాగేసుకునేదే ఆ ఉత్సాహాన్ని. అందుకే అది లేకుండానే మొదలుపెట్టగలిగే దారి ఒకటి చూద్దాం. పేరు బిహేవియరల్ యాక్టివేషన్. 1970లలో అమెరికన్ సైకాలజిస్టు పీటర్ లెవిన్‌సన్ చేసిన పని మీద నిలబడిన చికిత్స ఇది. 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ పరిశోధనలో 440 మంది పాల్గొన్నారు. పెద్ద అనుభవం లేని సిబ్బంది కొద్దిపాటి శిక్షణతో చేయించిన ఈ పద్ధతి, నిపుణులైన థెరపిస్టులు చేసిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి (ఆలోచనల్ని, అలవాట్లను మార్చే మాటల చికిత్స) తీసిపోలేదని అందులో తేలింది.

అసలు విషయంలోకి వెళ్లేముందు ఒక్క మాట. చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన వస్తోందా? అయితే ఈ వీడియో ఇక్కడే ఆపి, మీకు నమ్మకమున్న ఒకరికి ఇప్పుడే ఫోన్ చేయండి. ఆ మాట దాచకుండా చెప్పండి. దగ్గరున్న మాత్రలు, పురుగుమందు లాంటివి వాళ్ల చేతికి ఇచ్చేయండి. ఒంటరిగా ఉండకండి, ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. కింద చెప్పే చిట్కాలు ఆ తర్వాతే.

[తెర మీద: మోగుతున్న ఫోన్, దాన్ని బోర్లా తిప్పేస్తున్న చెయ్యి]

డిప్రెషన్ మనిషిని ఎలా పట్టి ఉంచుతుందో చూడండి. ఫోన్ మోగింది. మాట్లాడే ఓపిక లేక ఎత్తలేదు. ఆ క్షణంలో హాయిగా అనిపించింది. అసలు చిక్కంతా ఆ హాయిలోనే ఉంది. తప్పించుకుంటే బాధ తగ్గుతుందని మెదడు నేర్చేసుకుంటుంది. ఇవాళ ఫోన్, రేపు స్నానం, ఎల్లుండి ఆఫీసు. రోజులో సంతోషాన్నో, ఒక పని చేశానన్న తృప్తినో ఇచ్చేవి ఒక్కొక్కటే జారిపోతాయి. వాటితోపాటు మూడ్ ఇంకా కిందికి దిగుతుంది.

ఈ చక్రాన్ని ఆపాలంటే మొదట చేయాల్సింది రాసుకోవడం. మూడు నాలుగు రోజులపాటు అలవాట్లేమీ మార్చకండి. గంటకోసారి కాగితం మీద రెండే రాయండి: ఏం చేస్తున్నారు, మూడ్ సున్నా నుంచి పదిలో ఎంత. రాత్రి కూర్చుని మొత్తం ఒకేసారి రాయొద్దు. డిప్రెషన్‌లో జ్ఞాపకం చెడ్డ గంటల్నే పట్టుకుంటుంది కాబట్టి, రాత్రికి రోజంతా సున్నాలాగే కనిపిస్తుంది. అప్పటికప్పుడు రాస్తే తేడాలు బయటపడతాయి. మంచం మీద ఫోన్ చూస్తూ గడిపిన రెండు గంటలు ఒకటి దగ్గర ఉంటాయి, బట్టలు ఆరేసిన పావుగంట మూడు దగ్గర ఉంటుంది. చాలామందికి ఉదయం బాగా కిందికి ఉండి, సాయంత్రానికి కొంచెం లేస్తుంది. మీ కాగితం ఏం చెబుతుందో దాన్నే నమ్మండి.

తర్వాత రోజుకు రెండు పనులు ఎంచుకోండి. ఒకటి ఒకప్పుడు మీకు ఇష్టమైనది, రెండోది పూర్తిచేస్తే "హమ్మయ్య, ఇది అయింది" అనిపించేది. ఎక్కువమంది తప్పు చేసేది పని సైజులో. "ఇల్లు సర్దాలి" అని రాసుకుంటే అది జరగదు. "రేపు పదింటికి సింక్‌లో ఐదు గిన్నెలు కడగాలి" అని రాస్తే జరుగుతుంది. స్నానం కూడా కొండంత అనిపిస్తే, తువ్వాలు తీసుకుని బాత్రూమ్ దాకా వెళ్లడమే ఇవాళ్టి పని. మీ అత్యంత చెడ్డ రోజున కూడా చేయగలిగినంత చిన్నదిగా ఉండాలి. టైమూ, చోటూ ముందే రాసిపెట్టండి. పది నిమిషాలకు అలారం పెట్టండి. అది మోగాక ఆపేసినా పని పూర్తయినట్టే లెక్క.

ఇంకో పొరపాటు దీనికి పూర్తిగా ఉల్టా. ఒకరోజు కాస్త తేలిగ్గా అనిపిస్తుంది. వారం రోజుల బాకీ అంతా ఆ ఒక్కరోజే తీర్చేయాలని చూస్తారు. మర్నాడు ఒళ్లు లేవదు, "నా వల్ల కాదు" అన్న నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. అందుకే మంచి రోజైనా చెడ్డ రోజైనా మొదటి వారం అవే రెండు పనులు, అదే కొలత. రెండో వారంలో మూడోది చేర్చండి.

[తెర మీద: రెండు గడులు, "అనుకున్నది", "జరిగింది"]

పని ముందు, అది ఎంత బాగుంటుందనుకుంటున్నారో అంకె వేయండి. అయ్యాక నిజంగా ఎంత ఉందో వేయండి. ఒకటి అనుకున్నచోట మూడు రావడం తరచుగా జరుగుతుంది. మూడు అంటే ఆనందం కాదు, నిజమే. కానీ మనసు వేసే అంచనా తప్పని మీ చేతిరాతలోనే రుజువు దొరుకుతుంది. ఇష్టమైన పనిలో కూడా ఏ రుచీ తెలియకపోతే భయపడకండి. చాలామందికి తృప్తి ముందు వస్తుంది, ఆనందం ఆలస్యంగా వస్తుంది.

అన్నీ చేసినా మూడ్ కదలని సందర్భం ఒకటుంది. కాళ్లు నడుస్తుంటాయి, తల మాత్రం "నాకే ఎందుకిలా" అని తిరుగుతూ ఉంటుంది. ఇలాంటి ఆలోచనకు ఒక పరీక్ష పెట్టండి. పది నిమిషాల్లో ఒక్క నిర్ణయమైనా వచ్చిందా? రాకపోతే అది పరిష్కారం వెతకడం కాదు, గుండ్రంగా తిరగడమే. "ఎందుకు" అన్న ప్రశ్నను "ఇప్పుడు నేను చేయగలిగిన మొదటి చిన్న పని ఏంటి" అని మార్చండి. ఏమీ తోచకపోతే చుట్టూ వినిపిస్తున్న మూడు శబ్దాల మీద దృష్టి పెట్టండి.

నిద్ర విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది లేచే టైము. రాత్రి ఎలా గడిచినా రోజూ ఒకే టైముకు లేవండి. పడుకుని ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టలేదనిపిస్తే మంచం దిగి, మసక వెలుతురులో ఏదైనా నెమ్మదైన పని చేసి, కునుకు వచ్చాకే మళ్లీ పడుకోండి. గడియారం మాత్రం చూడొద్దు. పగటి నిద్ర అరగంట దాటకూడదు, అదీ మధ్యాహ్నం మూడులోపే.

లేచాక వీలైనంత త్వరగా ఆరుబయట ఇరవై, ముప్పై నిమిషాలు ఉండండి. ఇంట్లో లైట్ల వెలుగు మామూలుగా కొన్ని వందల లక్స్ (వెలుగును కొలిచే యూనిట్) మించదు. మబ్బు పట్టిన పగలు కూడా బయట వేల లక్స్‌లో ఉంటుంది. శరీర గడియారం సర్దుకునేది ఆ వెలుగుతోనే. ఆ టైములోనే నడిస్తే రెండు పనులూ ఒక్కసారే అవుతాయి. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగం చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు. మీరు పది నిమిషాలతో మొదలుపెట్టండి. మద్యం ఆ గంటకు తేలిక చేసి రాత్రి రెండో సగం నిద్రను చెడగొడుతుంది, కాబట్టి దూరం పెట్టండి.

ఇంట్లోవాళ్లకూ ఒక పని ఉంది. "ధైర్యంగా ఉండు" అనకుండా "నేనూ వస్తా, వీధి చివరిదాకా నడిచొద్దాం" అనండి. బాధపడుతున్నవాళ్లు అడగలేకపోతే ఈ మెసేజ్ పంపండి: "నాకు బాగాలేదు. సలహాలేమీ వద్దు, కాసేపు నా పక్కన కూర్చుంటావా?"

రెండు వారాలుగా దాదాపు రోజంతా దిగులు, లేదా దేని మీదా ఆసక్తి లేకపోవడం ఉంటే డాక్టర్ని కలవండి. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టికలో మొత్తం 27 మార్కులు. పది, అంతకు మించి వస్తే పరీక్ష చేయించుకోవాల్సిందే. థైరాయిడ్ తగ్గినా, రక్తహీనత ఉన్నా, బీ12 లోపించినా ఇలాంటి లక్షణాలే కనిపించవచ్చు, కాబట్టి ఆ రక్తపరీక్షల గురించి అడగండి. మందులు రాస్తే ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. గుణం కనిపించగానే సొంతంగా ఆపేయకండి.

వెళ్లేటప్పుడు మీరు రాసిన కాగితాలు పట్టుకెళ్లండి. ఇంకొకటి కూడా తప్పక చెప్పండి: ఎప్పుడైనా రోజుల తరబడి నిద్ర లేకున్నా అలుపే తెలియకుండా, ఆలోచనలు పరుగెడుతూ, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెట్టిన కాలం గడిచిందా? అలా ఉంటే అది బైపోలార్, అంటే దిగులు, విపరీతమైన ఉత్సాహం రెండూ విడతలు విడతలుగా వచ్చే జబ్బు, కావచ్చు. అప్పుడు డాక్టర్ రాసే మందు వేరు.