లెక్కల సారుకు జీతం ఎవరివ్వాలి?

(నవంబరు 11, జాతీయ విద్యా దినం నాడు మహారాష్ట్రలోని ధర్మాబాద్‌లో చేసిన ప్రసంగం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సోయాబీన్ కాంటాలు పక్కకు పెట్టి వచ్చిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. నన్ను మౌలానా ఆజాద్ గురించి మాట్లాడమన్నారు. రాసుకొనే వచ్చాను. కానీ ముందు వరుసలో మా ఊరి మదరసా నడిపే మౌలానా సాబ్ కూర్చున్నారు. ఆయన్ని చూశాక ఈ కాగితాలు చదవబుద్ధి కావడం లేదు.

ఆజాద్ గురించి ఒక్క మాట చెప్పి నా సంగతికొస్తాను. ఈ దేశపు మొదటి విద్యామంత్రి ఏ బడికీ పోలేదు. ఇంట్లోనే దర్సె నిజామీ చదివాడు. మన దిక్కు ‘నిజామీ’ అనగానే హైదరాబాద్ నిజాం అనుకుంటారు. ఆ నిజాంకూ దీనికీ సంబంధం లేదు. 18వ శతాబ్దంలో లక్నో ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ కూర్చిన చదువు అది. అందులో తర్కం ఉంది, యూక్లిడ్ రేఖాగణితం ఉంది. మదరసాలో లెక్కలు మనం కొత్తగా తెచ్చి పెట్టేవి కావు. మొదటి నుంచీ ఉన్నవే, నడుమ పోయినయి.

ఎట్లా పోయినయో చెప్తాను. జిల్లా పరిషత్ బడిలో రిటైరయ్యాక నేను ఖాళీగా ఉన్నాను. ఒకరోజు పొద్దున మౌలానా సాబ్ మా ఇంటికొచ్చారు. అరుగు మీద కూర్చున్నారు, చాయ్ కూడా ముట్టలేదు. “సార్, మా లెక్కల మాస్టర్ వెళ్లిపోయాడు” అన్నారు. ఆ పిల్లగాడు నాకు తెలుసు. బిలోలి దిక్కు తెలుగు పిల్లగాడు, బీఈడీ చేశాడు. రోజూ బండి మీద వచ్చి పాఠం చెప్పేవాడు. పద్నాలుగు నెలలు మానధనం రాలేదు. పెట్రోలుకు అప్పులు చేశాడు. చివరికి నిజామాబాద్‌లో మొబైల్ దుకాణంలో చేరాడు. మరాఠీలో గౌరవ వేతనాన్ని మానధనం అంటారు. మన తెలుగులో మానమే ధనంగా బతికేవాణ్ణి మానధనుడంటాం. ఆ పిల్లగానికి ధనమూ దక్కలేదు, మానమూ దక్కలేదు.

ఆ ఏడే మదరసా నుంచి ఐదుగురు పిల్లలు 17 నంబరు ఫారం నింపి, ప్రైవేటుగా పదో తరగతి పరీక్ష రాశారు. ఉర్దూలో అందరికీ మంచి మార్కులు. లెక్కల్లో ముగ్గురు ఫెయిల్. ఊర్లో ఏమన్నారు? “మదరసా పిల్లలకు లెక్కలెక్కడివి” అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది. సారు లేకుండా ఎవరి పిల్లలు పాసవుతారు? మీ పిల్లలవుతారా? నా మనుమడవుతాడా?

జిల్లా కేంద్రంలో ఒక ఆఫీసుకు నేనూ మౌలానా సాబ్ ఎన్నిసార్లు పోయామో. ఫైలు పైకి పోయిందన్నారు, కిందికి వచ్చిందన్నారు. పథకాలు లేవా అంటే ఉన్నయి. మదరసాల్లో సైన్సు, లెక్కలు చెప్పేవారికి కేంద్రం 1993-94లోనే సాయం మొదలుపెట్టింది. తర్వాతి పథకంలో డిగ్రీ వారికి నెలకు 6,000, పీజీ గానీ బీఈడీ గానీ ఉన్నవారికి 12,000. 2018లో అందులో రాష్ట్రం వాటా 40 శాతం అన్నారు. 2022తో ఆ పథకమే ఆగిపోయింది. మన మహారాష్ట్ర పథకం 2013 నాటిది, రాష్ట్రపతిగా చేసిన జాకిర్ హుసేన్ పేరు మీద ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన మనిషి ఆయన. 2024 అక్టోబరులో ఇక్కడి మంత్రివర్గం డీఈడీ వారికి 6,000 నుంచి 16,000కు, బీఈడీ వారికి 8,000 నుంచి 18,000కు పెంచింది. మంచి నిర్ణయం, చేతులెత్తి దండం పెడతాను. కానీ కాగితం మీది పద్దెనిమిది వేలు ఒకటో తారీఖున చేతిలో పడితేనే సారు నిలుస్తాడు.

సర్కారు సొమ్మే వద్దనే మదరసాలూ ఉన్నయి. 1866లో ఉత్తరప్రదేశ్‌లో దేవ్‌బంద్ మదరసా పెట్టినవాళ్లు సర్కారు సాయం తీసుకోవద్దు, జనం చందాతోనే నడపాలి అని నియమం పెట్టుకున్నారు. అది వారి ఇష్టం. కానీ చందా లోపల ఒక చిక్కుంది. అది మౌలానా సాబే నాకు విప్పి చెప్పారు. రంజాన్‌లో వచ్చేది ఎక్కువగా జకాత్, అంటే ఏడాది నిలిచిన సొమ్ములో నూటికి రెండున్నర. అది బీదవాడి చేతికి అతని సొంతంగా చేరాలని హనఫీ అనే ఇస్లాం ధర్మశాస్త్ర శాఖ పండితుల తీర్పు. పిల్లల అన్నానికి, బట్టలకు పనికొస్తుంది. సారు జీతానికి నేరుగా పనికిరాదు. జీతానికి వేరే చందా, ఇమ్దాద్ అంటే జకాత్ కాని సాయం కావాలి. బక్రీద్ ఖుర్బానీ తోళ్లు అమ్మితే ఒకప్పుడు కాస్త వచ్చేది, ఇప్పుడు తోలును అడిగేవాడే లేడు. అందుకే వంటింట్లో బియ్యం ఉంటయి, నల్లబల్ల ముందు సారు ఉండడు.

ఇంకో సంగతి తప్పక చెప్పాలి. ఈ కథ మీకు ఇంతకుముందు చెప్పానేమో, మళ్లీ చెప్తాను. మదరసాలో నేను లెక్కలు చెప్తున్నప్పుడు ఒక పిల్లవాడు, పదమూడేళ్లుంటయి, కురాన్ ముప్పై భాగాలూ కంఠస్థం. భిన్నాలంటే మాత్రం తల వంచుకునేవాడు. హారం, లవం అంటే కళ్లు తేలేసేవాడు. ఒకరోజు మౌలానా సాబ్ వారసత్వ పాఠం చెప్తుంటే విన్నాను. మొగుడు చనిపోతే, పిల్లలుంటే, భార్యకు ఎనిమిదో వంతు. మిగిలిందాంట్లో కొడుక్కు రెండు పాళ్లు, బిడ్డకు ఒక పాలు. మర్నాడు నేను బల్ల మీద 24 ఎకరాల చెల్క గీశాను. భార్య, ఒక కొడుకు, ఒక బిడ్డ. పంచు బేటా అన్నాను. చాక్‌పీసు పట్టుకొని చాలాసేపు నిలబడ్డాడు. ముందు భార్యకు 3 కొట్టాడు. మిగిలిన 21ని మూడు పాళ్లు చేశాడు. కొడుక్కు 14, బిడ్డకు 7. పక్కనే 3/24, 14/24, 7/24 అని రాసి, కూడి, 24/24 అని గీత గీసి నా వైపు తిరిగాడు. “సార్, ఇవా భిన్నాలంటే? ఇవి నాకు వచ్చు గదా!” అన్నాడు.

బీజగణితానికి పేరు తెచ్చిన అల్ ఖ్వారిజ్మీ కూడా 9వ శతాబ్దంలో తన పుస్తకంలో పెద్ద భాగం ఈ వారసత్వ లెక్కలకే ఇచ్చాడు. పోగొట్టుకున్నది వాళ్లింట్లోనే దొరికింది. ఇంతకంటే ఏం చెప్పను?

2015లో ఇదే రాష్ట్రంలో, బడి పాఠాలు చెప్పని మదరసాల పిల్లల్ని ‘బడి బయటి పిల్లలు’గా లెక్కించాలన్నారు. తెల్లవారక ముందే లేచి చదివే పిల్లగాడు బడి బయట ఎట్లా అవుతాడు? బయట ఉన్నది సారు. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదరసాలకు పోయేది నూటికి ముగ్గురు నలుగురే అని ముస్లింల స్థితిగతుల మీద కేంద్రం వేసిన సచార్ కమిటీ 2006లో చెప్పింది. ఎక్కువమంది మన బడుల్లోనే ఉన్నారు. కానీ ఆ ముగ్గురు నలుగురూ ఈ ఊరి పిల్లలే, అత్యంత బీదింటివాళ్లు.

అందుకని నా తోటి హిందువులను అడుగుతున్నాను. మనం ఇచ్చేది జకాత్ కాదు. దాన్ని సారు జీతానికే వాడొచ్చని మౌలానా సాబ్ నాతో అన్నారు. ముస్లిం అన్నలారా, మీరు జకాత్‌తో పాటు విడిగా కొంత ఇమ్దాద్ రాయించండి.

మౌలానా సాబ్, రసీదు బుక్ తెచ్చారా? సంచిలో ఉందా? తీయండి. మొదటిది నా పేరు మీద, నా పెన్షన్‌లోంచి నెలకు 500. కింద ‘లెక్కల సారు జీతానికి’ అని తెలుగులోనే రాయండి. ఆ బిలోలి పిల్లగానికి నేనే ఫోన్ చేస్తాను.