జ్వరం పోయింది, దగ్గు ఎందుకు పోలేదు?

నమస్కారం అండీ. "జ్వరం మూడు రోజుల్లో తగ్గింది, పది రోజులైనా దగ్గు వదల్లేదు, ఇంకో యాంటీబయాటిక్ ఇవ్వండి." మెడికల్ షాపు ముందు ఈ మాట వినపడని రోజుండదు. వెంటనే అజిత్రోమైసిన్ మూడు మాత్రలు చేతిలో పెట్టేస్తారు. దీన్ని చూస్తూ ఊరుకోవడం కష్టంగా ఉంది, అందుకే ఈ వీడియో.

మీ వీధిలో నీళ్ల పైపు కోసం రోడ్డు తవ్వారనుకోండి. నాలుగు రోజుల్లో పని ముగించుకుని వెళ్లిపోయారు. గుంత మాత్రం అలాగే ఉంది. రోజూ వెళ్లే ఆటోయే, ఇప్పుడు ఎగిరెగిరి పడుతుంది.

[తెర మీద: గాలిగొట్టం లోపలి పొర]

గాలిగొట్టం లోపలి గోడంతా సన్నటి నూగు. సిలియా అంటారు. దుమ్మునీ తెమడనీ గొంతు దాకా పైకి నెట్టేది అదే. ఫ్లూ లాంటి వైరస్‌లు ఆ నూగున్న కణాలను రాల్చేస్తాయి, అడుగున ఉన్న నరాల కొసలు బయటపడతాయి. వైరస్ వారంలో పోయినా, పొర మళ్లీ అల్లుకోవడానికి వారాలు పడుతుంది. ఆలోపు తాలింపు ఘాటు, ఏసీ గాలి, అగరుబత్తి పొగ, ఆఖరికి గట్టిగా నవ్వినా సరే, ప్రతి ఆటో ఆ గుంతలో పడాల్సిందే. అదే మీ దగ్గు. సగటున రెండున్నర వారాలు ఉంటుంది. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాని చంపుతుంది, గుంత పూడ్చదు.

"వేసుకున్నాక తగ్గిందండీ" అంటారా? అప్పటికే గుంత పూడుతోంది, పేరు మాత్రకొచ్చింది.

తెమడ పచ్చగా ఉంటే బ్యాక్టీరియానే అనుకోకండి. మన తెల్లరక్త కణాల్లో ఉండే ఒక ఎంజైమ్‌ది ఆ రంగు. వైరస్ వచ్చినా పచ్చబడుతుంది.

రాత్రి పడుకునే ముందు ఒక టీస్పూన్ తేనె, నిజంగానే పనిచేస్తుంది. ఏడాది లోపు పిల్లలకి మాత్రం చుక్క కూడా నాకించొద్దు, బొట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు వచ్చే ప్రమాదం. రెండేళ్ల లోపు పిల్లలకి దగ్గు సిరప్ అసలు వద్దు. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లో కల్తీ సిరప్‌తో పిల్లలు చనిపోయాక కేంద్రం ఇదే మాట మళ్లీ చెప్పింది.

ఇక రోడ్డు కింద పైపే పగిలితే? అది న్యుమోనియా, అంటే ఇన్ఫెక్షన్ ఊపిరితిత్తుల్లోకి దిగడం. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్‌లో టైమర్ పెట్టి, పూర్తిగా ఒక నిమిషం పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టండి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే లెక్క తప్పుతుంది. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40. ఆ అంకె తాకినా, పక్కటెముకల కింద ఛాతీ లోపలికి లాక్కుపోతున్నా తెల్లారేదాకా ఆగొద్దు, ఆస్పత్రికి వెళ్లండి. యాంటీబయాటిక్ అవసరం పడేది ఇక్కడ.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. రెండు వారాలు దాటిన దగ్గు మామూలుదే కావొచ్చు, అయినా టీబీ కాదని తేల్చుకోవడానికి తెమడ పరీక్ష చేయించండి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ఈలోపు లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వేసుకుంటే టీబీ తాత్కాలికంగా అణిగి, దొరక్కుండా పోతుంది. బీపీకి రామిప్రిల్, ఎనలాప్రిల్ వాడుతూ పొడి దగ్గు వస్తుంటే మీరే ఆపేయకండి, డాక్టర్‌కి చెబితే మాత్ర మారుస్తారు. తెమడలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, రోజులు లెక్కపెట్టకుండా ఇవాళే చూపించుకోండి.