పని బాగానే చేస్తాడు, మరి ఉద్యోగం ఎందుకు పోయింది?

[తెర మీద: లైబ్రరీ. తోపుడు బండి నిండా పుస్తకాలు. ఒక చెయ్యి ఒక్కో పుస్తకం తీసి వెన్ను మీది నంబరు చూస్తోంది. ముఖం కనిపించదు.]

వ్యాఖ్యానం:

ఒక కుర్రాడి సంగతితో మొదలుపెడతాను. వయసు 22. డౌన్ సిండ్రోమ్ ఉంది. పాఠకులు తిరిగిచ్చిన పుస్తకాలను నంబరు చూసి అల్మరాల్లో సర్దడం అతని పని. ఆరు నెలలు చేశాడు. అతను సర్దినవాటిలో చోటు తప్పిన పుస్తకం వెతికినా ఒక్కటి దొరకదు. ఏడో నెలలో "రేపటి నుంచి రానక్కర్లేదు" అన్నారు.

బ్రేక్‌కి వెళ్తే లేచి రావట్లేదట. 15 నిమిషాల బ్రేక్ 40 నిమిషాలు అవుతోందట. బద్ధకం పెరిగింది అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

[తెర మీద: బ్రేక్ రూము. రెండు కుర్చీలు. ఒకటి ఖాళీ.]

జరిగింది వేరు. రోజూ అతని పక్కన కూర్చునే ఆవిడ ఒకరు, బ్రేక్ అయిపోగానే కుర్చీ వెనక్కి జరిపి "పద నాన్నా, పోదాం" అనేది. అతను లేచేవాడు. ఆవిడ వేరే విభాగానికి మారింది. పద అనే మనిషి లేదు, అతను లేవలేదు. ఆ ఉద్యోగం మొత్తం ఆ రెండు మాటల మీద నిలబడి ఉందని అక్కడ ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. అతనికి జాబ్ కోచ్‌ని, అంటే పని చోటే పక్కనుండి పని నేర్పేవాణ్ణి, నేనే.

డెవలప్‌మెంటల్ డిసెబిలిటీ ఉన్న యువతీయువకులకు ఉద్యోగం ఎలా దొరుకుతుంది, దొరికింది ఎలా నిలుస్తుంది అన్నదే ఈ వీడియో. ముందే చెప్పేస్తున్నా, ఇది కళ్లు తుడుచుకునే వీడియో కాదు. వెనకాల వయొలిన్ ఉండదు.

[తెర మీద: నాలుగు పేర్లు ఒకదాని తర్వాత ఒకటి: ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం.]

డెవలప్‌మెంటల్ డిసెబిలిటీ అంటే ఇలాంటివి: పుట్టుకతోనో, ఎదిగే వయసులోనో మొదలై జీవితాంతం ఉండేవి. నయమయ్యాక పనిలో చేరుదువుగానిలే అనడానికి ఇవి జ్వరాలు కావు. పైగా, ఒకే పేరు రాసిన సర్టిఫికెట్ ఉన్న ఇద్దరికి ఒకే పని నప్పదు. సర్టిఫికెట్ చూసి పని వెతకడం అంటే, రక్తం గ్రూపు చూసి చెప్పుల సైజు చెప్పడమే.

ఇక అసలు విషయానికి. ఈ పిల్లల గురించి ఎక్కువగా వినిపించే మాట "ఇంకా రెడీగా లేడండీ". ముందు శిక్షణ, ఆ తర్వాత ఇంకో శిక్షణ, అది అయ్యాక ఉద్యోగం చూద్దాం అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆ శిక్షణ అయ్యేది ఎప్పుడు? ముప్పై ఏళ్లు వచ్చినా కవర్లు అతికించడం నేర్చుకుంటూనే ఉన్నవాళ్లను చూశాను. కవర్లు అతికించే ఉద్యోగం మాత్రం ఎక్కడా చూడలేదు.

[తెర మీద: బల్ల మీద సైకిల్ బ్రేకు విడిభాగాలు, మొత్తం 15. కొన్నింటికి ఒక వైపు ఎర్ర రంగు.]

ఇక్కడ మార్క్ గోల్డ్ అనే పరిశోధకుడి గురించి చెప్పాలి. 1970ల మొదట్లో, అమెరికాలోని ఇల్లినాయ్‌లో, ఆయన మేధో వైకల్యం ఉన్నవాళ్లకు సైకిల్ బ్రేకు బిగించడం నేర్పాడు. వైకల్యం స్వల్పంగా ఉన్నవాళ్లకు కాదు, ఒక మోస్తరుగా, తీవ్రంగా ఉన్నవాళ్లకు. అందరూ వాళ్ల కోసం విడిగా నడిపే వర్క్‌షాపుల్లో ఉన్నవాళ్లు. బ్రేకులో 15 భాగాలు, వరస తప్పితే పని చెయ్యదు.

ఆయన కొందరికి ఇచ్చిన విడిభాగాలకు ఒక వైపు ఎర్ర రంగు వేశాడు. బిగించేటప్పుడు ఏ వైపు మనకు కనిపించాలో ఆ వైపు. చేతిలో ముక్క అటూ ఇటూ తిప్పుతారు, ఎరుపు ఎదురుగా వచ్చిందంటే సరిగ్గా పట్టుకున్నట్టే. రంగు ఉన్నవాళ్లు త్వరగా నేర్చుకున్నారు. ఆ తర్వాత 24 భాగాల బ్రేకు ఇచ్చాడు, రంగు లేకుండా. అదీ నేర్చుకున్నారు.

తప్పు చేస్తే ఆయన తప్పు అనేవాడు కాదు. "ఇంకోలా చూడు" అనేవాడు. సరిగ్గా చేస్తే ఏమీ అనేవాడు కాదు. నాకు బాగా నచ్చేది ఆ మౌనమే. మనం స్క్రూ ఒకటి బిగిస్తే చప్పట్లు కొట్టి, పాతికేళ్ల మనిషిని పసిపిల్లవాడిని చేస్తాం. ఆయన పనివాడిని పనివాడిలా చూశాడు. నేర్చుకోలేదంటే లోపం నేర్పే పద్ధతిలో వెతుక్కోవాలి అన్నాడు.

[తెర మీద: రెండు బాణాలు. మొదటిది "శిక్షణ, తర్వాత ఉద్యోగం". అది చెరిగి, రెండోది: "ఉద్యోగం, అక్కడే శిక్షణ".]

1980ల్లో వరస తిరగబడింది. ముందు నిజమైన చోట, నిజమైన జీతానికి పనిలో పెట్టి, పక్కన ఒక కోచ్‌ని నిలబెట్టి, అక్కడే నేర్పే పద్ధతి వచ్చింది. దీన్ని సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్ అంటారు. అమెరికాలో 1986 నాటికి చట్టంలోకి ఎక్కింది. అక్కడి వెర్మాంట్ రాష్ట్రం 2002లో తన చివరి విడి వర్క్‌షాపును కూడా మూసేసింది. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 27వ అధికరణం చెప్పేదీ ఇదే దారి: అందరూ పనిచేసే చోటే వీళ్లకూ పని హక్కు.

1996లో అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో మొదలైన ప్రాజెక్ట్ సెర్చ్ అనే శిక్షణ కార్యక్రమం కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అత్యవసర విభాగాన్ని నడిపే ఆవిడకు ఒక చిక్కు. గదుల్లో సామాన్లు నింపే ఉద్యోగంలో ఎవరూ నిలవట్లేదు. చేరడం, మానేయడం. ఆ పనికి పద్ధతి కావాలి, ఓపిక కావాలి. ఈ యువతకు ఎందుకు నేర్పకూడదు అనుకుంది. గమనించండి, జాలితో మొదలవలేదు, ఆవిడకు పని జరగాలి. ఇప్పుడా పద్ధతిలో చదువు చివరి ఏడాది మొత్తం ఒక సంస్థ ఆవరణలోనే గడుస్తుంది, మూడు వేర్వేరు విభాగాల్లో పని చేస్తూ.

దాన్ని ఆటిజం ఉన్నవాళ్లకు సరిపడా మార్చి వర్జీనియాలో పరీక్షించారు. 2014లో ఫలితం వచ్చింది. ఆ పద్ధతిలో ఉన్న 24 మందిలో 21 మందికి ఉద్యోగం దొరికింది. మామూలుగా బడిలోనే కొనసాగిన 16 మందిలో ఒక్కరికి. చిన్న అధ్యయనమే, నిజమే. అయినా 21కీ ఒకటికీ మధ్య దూరాన్ని అదృష్టం ఖాతాలో వెయ్యలేం.

[తెర మీద: ఇంటర్వ్యూ గది. బల్లకు అటు ముగ్గురు, ఇటు ఒకరు.]

ఇక పని వెతకడం. మొదటి అడ్డంకి ఇంటర్వ్యూ. అది పనికి పరీక్ష కాదు, మాటకి పరీక్ష. నేను తీసుకెళ్లిన ఒక అబ్బాయిని "మీ బలం ఏంటి?" అని అడిగారు. చొక్కా చెయ్యి పైకి మడిచి కండ చూపించాడు. ప్రశ్నకు సరైన జవాబే! బల్లకు అటువైపు నవ్వుకున్నారు, ఉద్యోగం రాలేదు.

అందుకే "మాట్లాడించకండి, పని ఇచ్చి చూడండి" అని సంస్థలను అడగాలి. ఒక పూటో, రెండు రోజులో. డెన్మార్క్‌లో స్పెషలిస్టర్న్ అనే సంస్థ ఉంది. ఆటిజం ఉన్న కొడుకు తండ్రి థోర్కిల్ సోన్ 2004లో పెట్టాడు. ఆటిజం ఉన్నవాళ్లకు సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగాలిచ్చింది. అక్కడ ప్రశ్నలకు బదులు లెగో రోబోలు ఇచ్చి, ఎలా కడుతున్నారో చూసేవారు.

అలాగని ఆటిజం అనగానే కంప్యూటర్ అనుకోకండి. అదీ ఒక మూసే.

[తెర మీద: మంచం మీద ఉతికిన బట్టలు. రెండు చేతులు తువ్వాలు అంచులు కలుపుతున్నాయి.]

ఎవరికి ఏ పని నప్పుతుందో తెలియాలంటే మనిషిని ఇంట్లో చూడాలి, తీరిగ్గా, రెండు మూడు సార్లు. ఒక అమ్మాయి బట్టలు మడత పెడుతుంటే చూశాను. అంచు అంచుకి కలిసే దాకా వదలదు. "నాలుగు బట్టలకు గంట చేస్తుందండీ" అని తల్లి విసుక్కుంది. హోటల్ లాండ్రీలో మడతల పనికి తీసుకెళ్తే వాళ్లూ అదే అన్నారు, వేగం లేదని. కాసేపు అక్కడే నిలబడి చూశాను. వేగంగా మడిచేవాళ్లు మరకలు చూడట్లేదు, చిరుగులు చూడట్లేదు. అవి గదుల దాకా వెళ్లి తిరిగొస్తున్నాయి. "మడత వద్దు, మరక ఉన్నవి ఏరే పని ఇవ్వండి" అన్నాను. అలాంటి ఉద్యోగం ఖాళీల పట్టికలో ఉండదు. ఉన్న పనుల్లోంచి ఒక ముక్క కోసి తయారు చేయాలి. జాబ్ కోచ్ పనిలో నాకు ఇష్టమైన భాగం ఇదే.

[తెర మీద: కాగితం మీద 11 వరసలు, ఒక్కోదాని పక్కన ఒక ఫొటో.]

చేరాక నేర్పడం. "పుస్తకాలు సర్దు" అనేది మనకు ఒక వాక్యం. ముందు నేను చేసి రాసుకుంటే 11 అంచెలు తేలాయి. పుస్తకం తీయి. వెన్ను నీ వైపు తిప్పు. మొదటి మూడు అంకెలు చూడు. ఇలా. ఎక్కడ ఆగిపోతున్నాడో అప్పుడు తెలుస్తుంది. మొత్తం రాకపోవడం అనేది ఉండదు, ఏదో ఒక అంచె దగ్గరే ముడి పడుతుంది.

ఆగినప్పుడు వెంటనే చెప్పెయ్యకూడదు. మనసులో పది లెక్కపెట్టాలి. తర్వాత చూపుతో సూచన, కదలకపోతే వేలితో, అప్పటికీ రాకపోతే మాట. చెయ్యి పట్టుకుని చేయించడం ఆఖరిది. చాలామంది ఆఖరిదానితో మొదలుపెడతారు.

నా తప్పు ఇంకోటి. లైబ్రరీలో నేను మరీ దగ్గరగా, మరీ ఎక్కువ రోజులు నిలబడ్డాను. అతను ప్రతి పుస్తకం పెట్టి నా ముఖం చూసేవాడు. అక్కడివాళ్లు అతన్ని వదిలేసి నాతో మాట్లాడేవారు. "అబ్బాయికి మంచినీళ్లు కావాలేమో అడగండి" అని, అతను మా ఇద్దరి మధ్యే నిలబడి ఉండగా! ఇప్పుడైతే మూడో రోజు నుంచే అల్మరా వెనక్కి, తర్వాత తలుపు దగ్గరికి, తర్వాత గది బయటికి జరుగుతాను. సందేహం వస్తే అడగాల్సింది పక్క సీటు మనిషిని. నేర్పే పని కూడా వీలైతే ఆ మనిషితోనే చేయించాలి.

[తెర మీద: గోడ గడియారం. కింద ఒక మాట: "ఒక్క నిమిషం".]

ఉద్యోగాలు పోయేది పని రాక కాదు. చాలాసార్లు పని చుట్టూ ఉన్నవాటి దగ్గర పోతాయి. మనం "ఒక్క నిమిషం" అంటాం, అరగంటకి వస్తాం. ఆటిజం ఉన్న అమ్మాయి గడియారం చూస్తూ నిలబడుతుంది, రెండో నిమిషం నుంచి ఆమెకు టెన్షన్ మొదలవుతుంది. "కాస్త అది ఓ చూపు చూడు" అంటాం. ఏది? ఎంతసేపు? "ఆ పెట్టెలు ఎనిమిదీ ఉన్నాయో లేదో లెక్కపెట్టి నాకు చెప్పు" అంటే ఠంచనుగా చేస్తుంది. సూపర్‌వైజర్లకు నేను చెప్పేది కొద్దిగే: పని చెప్పేది ఒకే మనిషి అయితే మేలు, ఏదైనా మారుస్తుంటే ముందు రోజే చెప్పండి, తప్పు జరిగితే అప్పుడే చెప్పండి. మొహమాటపడి మూడు నెలలు దాచి, ఒకేసారి తీసెయ్యకండి. జీతం మాత్రం పక్కవాళ్లతో సమానంగా ఉండాలి, అందులో బేరం లేదు.

ఇంట్లోవాళ్లకు ఒక్క మాట. రోజుకి నాలుగు ఫోన్లు చెయ్యకండి. చిన్న తుమ్ము వస్తే "ఇవాళ మానెయ్యిలే" అనకండి. మీ భయం నాకు అర్థమవుతుంది, కానీ చెప్పకుండా మానేసిన రోజులు లెక్కలోకి ఎక్కుతాయి.

[తెర మీద: మణికట్టు మీద గడియారం. వణుకుతుంది. ఆ చెయ్యి బల్ల మీద నుంచి లేస్తుంది.]

లైబ్రరీ అతన్ని మళ్లీ తీసుకోలేదు. ఇప్పుడు ఒక ఆఫీసు రికార్డు రూములో చేస్తున్నాడు. చేతికి అలారం గడియారం ఉంది, మోగదు, వణుకుతుంది. 15 నిమిషాలకు వణికితే తనే లేస్తాడు. పద అనేవాళ్లు అక్కర్లేదు.

నేను నెలకోసారి అక్కడికి ఫోన్ చేస్తాను. ఇదివరకు "ఎలా చేస్తున్నాడండీ?" అనేవాణ్ణి. "బాగానే" అనేవారు, ఎప్పుడూ అదే జవాబు. ఇప్పుడు వేరే ప్రశ్న అడుగుతున్నా: "ఈ నెల అక్కడ ఏం మారింది?"

పోయిన నెల సూపర్‌వైజర్ "ఏమీ లేదు సార్" అన్నాడు. ఒక క్షణం ఆగి, "ఆ, రికార్డు రూము తాళం గోడకి ఉండేది కదా, రేపటి నుంచి సెక్యూరిటీ దగ్గర అడిగి తీసుకోవాలి. అంతే" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే, అతని కన్నా ముందు, గేటు దగ్గర ఉన్నాను.