ఉత్పలమాల నంబరెంత?

(నెల్లూరులో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మైకు కాస్త తగ్గించండి, నా గొంతు అసలే పెద్దది.

నేను డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్న రోజు మా పెదనాన్న "ఏం అబ్బయా, లెక్కలు తప్పించుకుందామనా?" అన్నాడు. నిజంగా అందుకే తీసుకున్నాను. మొదటి ఉద్యోగంలోనే దొరికిపోయాను. ఒక సంఖ్యను లక్షల సార్లు గుణించే ప్రోగ్రాం రాయమంటే లూప్ పెట్టాను. టీ తాగొచ్చినా అది తిరుగుతూనే ఉంది. పక్క సీటాయన వచ్చి ఆరు లైన్లు రాశాడు, చిటికెలో అయిపోయింది. ఆ ఆరు లైన్ల కిటుకు పద్యాల శాస్త్రంలో ఉందని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

తిక్కన గారి ఊళ్లో ఉత్పలమాల గురించి వివరించక్కర్లేదు. భ ర న భ భ ర వ, పాదానికి 20 అక్షరాలు. ఒక్కో అక్షరం గురువో లఘువో. అలాంటి పాదాలు ఎన్ని రకాలు? 2ను 20 సార్లు వేసి గుణిస్తే 10,48,576. లెక్కల మాస్టారు ఇక్కడితో తృప్తి పడతారు. (ముందు వరసలో మాస్టారు తల అడ్డంగా ఊపుతున్నారు, సరే, అందరూ కాదు.) కంప్యూటర్ వాడు మాత్రం ఇంకో ప్రశ్న వేస్తాడు: ఎన్ని గుణకారాలు పట్టాయి?

మామూలుగా 19. రెండు వేల ఏళ్ల కిందటి పింగళుడు ఛందశ్శాస్త్రంలో వేరే దారి చెప్పాడు. సరి సంఖ్యయితే సగం చెయ్యి, బేసి అయితే ఒకటి తీసెయ్యి: 20, 10, 5, 4, 2, 1. తిరిగి వచ్చేటప్పుడు సగం చేసిన చోట వర్గం, ఒకటి తీసిన చోట రెట్టింపు: 2, 4, 16, 32, 1024, 10,48,576. ఐదే గుణకారాలు! 20 బదులు లక్ష అయితే 99,999 గుణకారాల పని 21తో తీరుతుంది.

ఇప్పుడు 91 ప్రధాన సంఖ్యేనా? భాగించి చూడకండి. 1640లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా చెప్పిన నియమం ప్రకారం, 2ను 90 సార్లు వేసి గుణించి 91తో భాగిస్తే, అది ప్రధాన సంఖ్యయితే శేషం 1 రావాలి. పింగళుడి దారిలో తొమ్మిది గుణకారాలు చాలు. శేషం 64 వచ్చింది, అంటే 91 ప్రధాన సంఖ్య కాదు. దొంగెవరో తెలియదు గానీ దొంగతనం జరిగిందని తేలిపోయింది. 7, 13 మనకింకా కనపడనే లేదు, చూశారా!

అయితే ఈ పరీక్షనూ బోల్తా కొట్టించే సంఖ్యలున్నాయి. 341 అంటే 11 సార్లు 31, అయినా శేషం 1 వస్తుంది. 2002లో కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, అప్పుడే బీటెక్ ముగించిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి, ఫెర్మా నియమాన్నే సాగదీసి, ఎప్పటికీ మోసపోని పద్ధతి కనిపెట్టారు. సంఖ్య ఎంత పొడవున్నా అడుగులు అదుపు తప్పవు. అది లెక్కలా, కంప్యూటరా అంటే నేను చెప్పలేను. కారణాంకాలు పట్టుకోవడానికి మాత్రం మన దగ్గరున్న కంప్యూటర్లకు అంత సులువైన దారి దొరకలేదు. కంప్యూటర్లలో రహస్యాలు దాచే 1977 నాటి ఆర్‌ఎస్‌ఏ తాళం నిలబడింది ఆ కష్టం మీదే.

మళ్లీ పద్యానికి వస్తాను. గురువుకు 0, లఘువుకు 1 రాయండి. మొదటి అక్షరానికి విలువ 1, రెండోదానికి 2, తర్వాత 4, 8, అలా రెట్టింపు. లఘువులున్న చోట్ల విలువలు కూడి ఒకటి కలపండి. ఉత్పలమాలకు 3,55,799 వస్తుంది. పద్యం నుంచి నంబరు తీయడం ఉద్దిష్టం, నంబరు నుంచి పద్యం తీయడం నష్టం. మన సాఫ్ట్‌వేర్ వాళ్లు ఎన్‌కోడింగ్, డీకోడింగ్ అంటూ జీతాలు తీసుకునేది ఇందుకే.

టీ వచ్చినట్టుంది. చంపకమాలకు 21 అక్షరాలు: న జ భ జ జ జ ర. దాని నంబరెంతో టీ అయ్యేలోగా నాకు చెప్పండి. ఫోన్లు జేబులోనే ఉండాలి.